మెతుకుసీమలో పూదోట : ఉద్యానకళ, ఉద్యానధర్మం



ఆలయానికి వచ్చే ప్రతి భక్తుని చేతిలోను ఒక పూవు ఉంటుంది. ఆ పూవు ఎక్కడ పూచినది, ఏ నీటితో పెరిగినది, దానిని ఎవరు కోశారు అని మనం సాధారణంగా విచారించము. గుడి ముందరి దుకాణంలో కొన్న పూలపొట్లం స్వామి పాదాల చెంతకు చేరినంతనే మన పని ముగిసినదని భావిస్తాము. మన పూర్వుల దృష్టి వేరు. వారు పూవు కంటె ముందు తోటను గురించి, తోట కంటె ముందు నీటిని గురించి ఆలోచించారు.

ఈ విషయంలో ఒక సందేహం కూడా మనలో కొందరిని బాధిస్తూ ఉంటుంది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు రచించిన 'పుష్పవిలాపం' ఖండికను ఘంటసాల వారి గళంలో వినని తెలుగువారు అరుదు. పూజకై పూలు కోయబోయిన భక్తుని ఎదుట పూలు తమ బాధను చెప్పుకొన్న తీరు విన్నవారి హృదయం ద్రవించక మానదు. అది విన్న మరునాడు పూలసజ్జ చేతబట్టి మొక్క వద్దకు వెళ్ళిన ఇల్లాలు ఒక్క క్షణం ఆగిపోయే ఉంటుంది. మొక్కపై ఉన్న పూవు భగవంతునిదే కదా, దానిని త్రుంచి తిరిగి ఆయనకే ఇవ్వడంలో అర్థమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ ఉద్యానాల చరిత్రను ఒకమారు పరిశీలిద్దాం. ఆ పరిశీలనకు మన మెదక్ పట్టణం కంటె తగిన చోటు లేదు. ఎందుకో ఇప్పుడు మనవి చేస్తాము.

రెండు పేర్ల పట్టణం

మన పట్టణానికి చరిత్రలో రెండు పేర్లు కలవు. మొదటిది అన్నపు మెతుకును తలపించే మెతుకుసీమ అన్న పేరు. పట్టణానికి పైన కొండపై నిలిచిన కోటకు మెతుకుదుర్గమని వ్యవహారం. కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) కాలంలో ఈ దుర్గం వెలసినదని ప్రతీతి. రెండవ పేరు గుల్షనాబాద్. ఇది తరువాతి ముస్లిం ప్రభువుల కాలంలో వచ్చినది. ఫారసీ భాషలో గుల్షన్ అనగా పూదోట, ఆబాద్ అనగా జనంతో కళకళలాడే నివాసం. నాసిక్ నగరానికి కూడా మొగలుల కాలంలో ఇదే పేరు ఉండేది. నిజాం రాజ్యంలోని నాలుగు సుబాలలో ఒకటి మెదక్ గుల్షనాబాద్ సుబాగా ప్రసిద్ధి పొందినది. ఇప్పుడు ఆ పేరు వాడుకలో లేదు. పాత పత్రాలలో మాత్రం మిగిలినది.

ఒక పేరులో మెతుకు, మరొక పేరులో పూవు. పాలకులు మారారు, భాష మారినది, మతం మారినది. అయినను ఈ నేలను చూచిన ప్రతివారికి స్ఫురించినది పచ్చదనమే. మెతుకుకైనా పూవుకైనా తల్లి ఒక్కటే, అది నీరు. మంజీర ఈ సీమకు ఆ తల్లి. 1905లో మంజీరపై నిర్మించిన ఘనపూర్ ఆనకట్ట నుండి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు బయలుదేరి వేల ఎకరాల వరిమడులకు నీరందించాయి. ఆ ఆనకట్టకు ఇప్పుడు వనదుర్గ ప్రాజెక్టు అని పేరు. వనంలో వెలసిన తల్లి పేరు నీటికట్టకు పెట్టుకొన్న సీమ మనది. ఈ సంగతిని గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

ఉద్యానం కళ యెట్లగును?

తోట పెంచడం పనియా, కళయా అని ఎవరైనా అడుగవచ్చు. మన పెద్దలు దీనికి ఏనాడో సమాధానం చెప్పారు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో పూలమాలలు కూర్చడం ఒకటి, పూలపాన్పు పరచడం ఒకటి, వృక్షాయుర్వేదం మరొకటి. అనగా మొక్కను పెంచే విద్య, దాని పూవును మాలగా కూర్చే విద్య, సంగీతం, నృత్యం, చిత్రలేఖనాల సరసన కూర్చున్నాయన్నమాట. పాశ్చాత్యులలో కాంట్ అనే జర్మన్ తత్త్వవేత్త 1790లో ప్రకటించిన గ్రంథంలో ఉద్యానరచనను చిత్రకళలో ఒక భేదంగా గణించాడు. చిత్రకారుడు రంగులతో చేసే పనిని తోటమాలి చెట్లతో, పచ్చికతో, పూలతో చేస్తాడని ఆయన ఉద్దేశం.

అయితే చిత్రానికి, తోటకు ఒక పెద్ద భేదం ఉన్నది. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడిని చూడండి. శిల్పి ఉలి దించి ఎనిమిది వందల సంవత్సరాలు దాటినది. ఆ తరువాత ఎవరూ చెక్కకపోయినా ఆ నాగినీ శిల్పాలు నేటికీ నిలిచి ఉన్నాయి. తోట అట్లా నిలువదు. ఒక్క వేసవి నీరు పోయకపోతే పది సంవత్సరాల శ్రమ మాడిపోతుంది. శిల్పానికి ముగింపు కలదు. తోటకు ముగింపు లేదు. శిల్పికి కీర్తి దక్కుతుంది. తోట నాటిన వాని పేరు దాని నీడలో కూర్చున్నవానికి తెలియదు. ప్రతిదినం చేయవలసిన కళ, ఒకరి తరువాత ఒకరు అందుకోవలసిన కళ ఇది ఒక్కటే.

ఈ రహస్యం తెలిసినందువల్లనే తెలుగువారు వనాన్ని సప్తసంతానాలలో చేర్చారు. పుత్రుడు, తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, ప్రబంధం, ఇవి ఏడు సంతానాలు. కాకతీయుల కాలం నుండి రాజులు, సామంతులు, సంపన్నులు ఈ ఏడింటిని సంపాదించుకొనుటను జన్మసాఫల్యంగా తలచారు. వనాన్ని సంతానమనడంలో గొప్ప ఔచిత్యం ఉన్నది. బిడ్డను కన్నంత మాత్రాన తల్లి పని ముగియదు. తోటను నాటినంత మాత్రాన దాత పని ముగియదు. ఇద్దరికీ పోషణే అసలు తపస్సు. ఏడింటిలో తటాకం కూడా ఉండడం గమనించదగినది. నీటి ఏర్పాటు చేయకుండా వనప్రతిష్ఠ చేయడం, పాలు లేని ఇంటికి బిడ్డను తెచ్చినట్లే.

శాస్త్రం చెప్పిన తోట

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు జ్యోతిశ్శాస్త్రవేత్తగా మనకు తెలుసు. ఆయన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయాన్ని కేటాయించాడు. నీడ లేని జలాశయం మనోహరం కాదని, కనుక నీటి ఒడ్డున తోటలు వేయాలని అక్కడ విధించాడు. చెట్టుకు చెట్టుకు మధ్య ఇరువది మూరల ఎడం ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండుకు తగ్గరాదు అని లెక్క చెప్పాడు. నక్షత్రాలను లెక్కించిన మహానుభావుడు చెట్ల మధ్య మూరలను కూడా అంతే శ్రద్ధతో లెక్కించాడు.

సురపాలుడు రచించిన వృక్షాయుర్వేదం మరింత విస్తృతమైనది. చాలకాలం మరుగున పడియున్న ఈ గ్రంథం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో ఒక ప్రతిగా మిగిలినది. దానిని సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ 1996లో అనువాదంతో ప్రచురించినది. మనకు పొరుగున ఉన్న నగరం నుండే ఆ విద్య తిరిగి లోకానికి అందడం ఆనందించదగిన విషయం. నేల పరీక్ష, విత్తనశుద్ధి, మొక్కల రోగాలు, కుణపజలమనే ద్రవ ఎరువు తయారీ మొదలైనవి అందులో ఉన్నాయి. మనిషికి వాత పిత్త కఫ దోషాలు ఉన్నట్లే చెట్టుకు కూడా ఉంటాయని ఆ శాస్త్రం భావిస్తుంది. అనగా చెట్టును రోగిగా చూచి వైద్యం చేయగల సానుభూతి అందులో కలదు.

మన సీమకు పడమర ఉన్న కల్యాణి నగరం నుండి పాలించిన చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో మానసోల్లాసమనే విజ్ఞానసర్వస్వాన్ని రచించాడు. రాజ్యపాలన, వైద్యం, వంట, సంగీతాలతో పాటు వనక్రీడకు, ఉద్యాన వినోదానికి అందులో స్థానం కలదు. రాజుకు తోట వినోదస్థానం. కాని ఆ వినోదం ధర్మానికి లోబడకపోతే ఏమగునో రామాయణం చెబుతున్నది.

రామాయణంలోని రెండు తోటలు

సుందరకాండలో వాల్మీకి మహర్షి వర్ణించిన అశోకవనం కంటె అందమైన తోట మరొకటి లేదు. మణిసోపానాల దిగుడుబావులు, కృత్రిమ పర్వతాలు, అన్ని ఋతువులలోను పూచే చెట్లు, పక్షుల కలకలం, అన్నీ అక్కడ ఉన్నాయి. కళాదృష్టితో చూస్తే దానిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ తోట నడుమ లోకమాత కన్నీరు పెట్టుకొని కూర్చున్నది. శోకం లేనిదని పేరు పెట్టుకొన్న వనంలో శోకమే నివాసం చేసినది. కారణం ఒక్కటే. ఆ తోట అపహరించిన దానిని దాచుకొనుటకు ఉపయోగపడినది. హనుమంతుడు ఆ వనాన్ని ధ్వంసం చేసినపుడు జానకీదేవి ఆశ్రయించిన శింశుపావృక్షాన్ని మాత్రం ముట్టుకొనలేదు. ఆర్తురాలికి నీడనిచ్చిన చెట్టు ఒక్కటే ఆ తోటలో ధర్మం నెరవేర్చినది.

రెండవది సుగ్రీవుని మధువనం. దధిముఖుడు దానికి కావలి. సీతమ్మ జాడ తెలిసిన ఆనందంలో వానరులు ఆ తోటలో పడి తేనె త్రాగి, చెట్ల కొమ్మలు విరిచి, కావలివానిని కొట్టారు. ఫిర్యాదు విన్న సుగ్రీవుడు కోపించలేదు. కార్యం సాధించనిదే వారు ఇంత సాహసం చేయరని గ్రహించి సంతోషించాడు. ఒక రాజు తోట చెక్కుచెదరకుండా ఉండి దుఃఖానికి నిలయమైనది. మరొక రాజు తోట పాడై కూడా ఆనందానికి కారణమైనది. తోట విలువను నిర్ణయించేది దాని అందం ఒక్కటే కాదని ఆదికవి మనకు ఈ విధంగా బోధించాడు.

దేశదేశాల తోటలు

ఇతర దేశాలవారు తోటలో ఏమి చూచారో కొంచెం తెలుసుకొందాం. క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దిలో పారశీక చక్రవర్తి సైరస్ పసర్గదే నగరంలో రాతికాలువలతో ఉద్యానం నిర్మించాడు. ప్రాచీన ఇరానీ భాషలో చుట్టూ గోడ గల ఆవరణను సూచించే మాట నుండియే స్వర్గమనే అర్థం గల ఇంగ్లీషు మాట 'పారడైజ్' పుట్టినది. ఎడారిలో నివసించేవారికి గోడ లోపలి నీరు, నీడ స్వర్గంగా తోచడం సహజమే. ఆ సంప్రదాయం నుండియే నీటికాలువలతో నాలుగు భాగాలుగా విభజించిన చార్‌బాగ్ పద్ధతి పెరిగినది. దానిని మొగలులు ఉత్తరదేశానికి, దక్కను సుల్తానులు మన ప్రాంతానికి తెచ్చారు.

గోలకొండలోని కుతుబ్‌షాహీ సమాధులు ఇబ్రహీంబాగ్ అనే తోటలో ఉన్నాయి. గోలకొండకు చేర్చి కట్టిన నయాఖిలాలో భూమి క్రింద కప్పబడిన నీటికాలువలు, తొట్లు పురావస్తుశాఖ త్రవ్వకాలలో బయటపడ్డాయి. హైదరాబాదులో బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట అని ఇప్పటికీ పిలుస్తున్నాము. తోటలు మాయమై పేర్లు మిగిలాయి. మన గుల్షనాబాద్‌కు పేరు కూడా మిగలలేదు.

ఫ్రాన్సు దేశంలో పదునాలుగవ లూయీ రాజు పదిహేడవ శతాబ్దిలో వెర్సాయిలో మహోద్యానం నిర్మింపజేశాడు. ప్రకృతి కూడా రాజాజ్ఞకు లోబడవలెనన్నట్లు అక్కడి చెట్లను గీత గీసినట్లు కత్తిరించారు. వందలకొలది జలయంత్రాలు పెట్టారు. కాని వాటన్నిటికీ చాలినంత నీరు ఏనాడూ లేదు. రాజు షికారు వచ్చే దారిలోని ఫౌంటెన్లను మాత్రం ఆయన సమీపించగానే తెరచి, దాటగానే మూసేవారు. ఇందుకోసం పనివారు ఈలలతో ఒకరినొకరు హెచ్చరించుకొనేవారట. చూపుల కోసం వేసిన తోట నీటిని కూడా నటింపజేస్తుంది.

దీనికి భిన్నంగా జపానులోని క్యోటో నగరంలో ర్యోఅంజి అనే బౌద్ధాలయంలో నీరు, పూలు లేని తోట ఒకటి కలదు. దువ్వెనతో దువ్వినట్లు గీతలు దిద్దిన తెల్లని గులకపై పదిహేను రాళ్ళు ఉంచారు. వరండాలో ఎక్కడ కూర్చున్నా ఒక రాయి కనబడకుండా పోతుందని చెబుతారు. మన చూపునకు అందనిది ఎప్పుడూ ఒకటి మిగిలి ఉంటుందనే వినయాన్ని ఆ తోట నేర్పుతున్నది. ఆ గులకను అక్కడి భిక్షువులు మరల మరల దువ్వుతూనే ఉంటారు. అక్కడ కూడా కళకు ముగింపు లేదు. నిత్యసేవయే దాని ప్రాణం.

గోడ కట్టి సుఖాన్ని దాచుకొన్న తోట ఒకటి, అధికారాన్ని ప్రకటించిన తోట ఒకటి, మనస్సును నిలిపిన తోట ఒకటి. మన దేశంలో వీటితో పాటు సమర్పణ కొరకు వేసిన తోట ఉన్నది. దానినే నందనవనమని పిలుస్తాము. ప్రతి పెద్ద దేవాలయానికీ ఒక నందనవనం ఉండడం పూర్వకాలపు ఆచారం.

తిరుమల పూదోట

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులవారు తులసివనం, పూదోట పెంచి వటపత్రశాయికి నిత్యం మాలలు సమర్పించారు. ఆ తులసివనంలోనే గోదాదేవి ఆయనకు లభించినది. ఆ తల్లి తాను ముడిచి విడిచిన మాలనే స్వామి కోరాడు. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) రచించిన ఆముక్తమాల్యదకు ఈ కథయే వస్తువు. రాజ్యాలను జయించిన చక్రవర్తి తన మహాకావ్యానికి ఒక తోటమాలి ఇంటి కథను ఎన్నుకొన్నాడు. ఇందులోని భావాన్ని మనం మనస్సులో నిలుపుకోవాలి.

తిరుమలలో పుష్పకైంకర్యం చేయడానికి ఎవరు సిద్ధమని భగవద్రామానుజులు శిష్యులను అడిగినపుడు, ఆ చలికొండపై నివసించడానికి అందరూ సంశయించగా అనంతాళ్వారు ఒక్కరే ముందుకు వచ్చారని గురుపరంపర చెబుతున్నది. ఆయన అక్కడ చేసిన మొదటి పని పూలమొక్కలు నాటడం కాదు, చెరువు త్రవ్వడం. ఆయన గడ్డపారతో మట్టి త్రవ్వుతూ ఉండగా నిండు గర్భిణి అయిన భార్య తట్టతో మోసేది. ఆమె అలసటను చూచి ఒక బాలుడు వచ్చి తట్ట అందుకొన్నాడు. తమ కైంకర్యంలో మరొకరు పాలు పంచుకోవడం సహించలేని అనంతాళ్వారు కోపంతో గడ్డపార విసిరారు. అది బాలుని గడ్డానికి తగిలి రక్తం కారినది. బాలుడు పరుగెత్తి మాయమయ్యాడు. తరువాత ఆలయంలో శ్రీవారి చుబుకం నుండి రక్తం కారుతూ ఉండడం చూచి ఆయన కుప్పకూలిపోయారు. గాయానికి పచ్చకర్పూరం అద్దారు. నేటికీ స్వామి గడ్డంపై కర్పూరం దానికి గుర్తు. మహాద్వారం వద్ద ఆ గడ్డపారను ఇప్పటికీ చూడవచ్చు.

ఈ కథను మనం ఎన్నోమార్లు విన్నాము. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. స్వామి పూలు కోయడానికి సాయం రాలేదు, మాల కట్టడానికి రాలేదు. నీటి కోసం మట్టి మోసే పనికి వచ్చాడు. తోటలో అన్నిటికంటె కష్టమైన, ఎవరి కంటా పడని పని ఏదో భగవంతుడు దానిని ఎంచుకొన్నాడు. బ్రహ్మోత్సవాల మరునాడు జరిగే బాగ్‌సవారి ఉత్సవంలో శ్రీవారు ఆ భక్తుని తోటకు స్వయంగా వేంచేస్తారు. తరువాతి కాలంలో తరిగొండ వెంగమాంబగారు (1730–1817) కూడా తిరుమలలో తులసివనాన్ని పెంచి స్వామిని సేవించారు. కవయిత్రిగా ఆమెను ఎరిగిన మనం తోటమాలిగా కూడా ఆమెకు నమస్కరించాలి.

కోసే అధికారం ఎవరిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పూవును కోయవచ్చునా? కాళిదాసు శకుంతలను చూడండి. ఆశ్రమంలోని మొక్కలకు నీరు పోయనిదే తాను దాహం తీర్చుకొనేది కాదు. అలంకారమంటే ఇష్టమున్న పడుచు అయినను ప్రేమచేత చిగురు కూడా త్రుంచేది కాదు. నీరు పోసిన చేతికి నిగ్రహం తెలుస్తుంది. ఏ కొమ్మకు ఎన్ని పూలు వదలాలో, ఏ మొగ్గను విత్తనానికి ఉంచాలో, ఏ దినం మొక్క అలసినదో పెంచినవారికే తెలుస్తుంది. ఆ చేయి కోసినపుడు అది త్రుంచడం కాదు, బిడ్డ సంపాదనలో కొంత దేవునికి ఇప్పించడం వంటిది.

పెంచని చేతికి ఆ నిగ్రహం ఉండదు. తెల్లవారకముందే పొరుగింటి గోడపై నుండి మందారాలు, నందివర్ధనాలు సంచి నిండా కోసుకొని పూజకు బయలుదేరే భక్తులను మనమందరం చూచాము. కొందరు కొమ్మలు కూడా విరుస్తారు. ఆ పూలతో చేసిన అర్చన అశోకవనపు బంధువే గాని నందనవనపు బంధువు కాదు. పుష్పవిలాపంలోని ఆక్రోశం పూజను నిందించేది కాదని, పోషణ లేని కోతను నిందించేదని మేము భావిస్తున్నాము. నీరు పోసిన చేతికే పూవు కోసే అధికారం. ఉద్యానకళకు, ఉద్యానధర్మానికి ఇదియే సారం.

మరి ఇంట గజం నేల లేనివారు, కొనుక్కొనేవారు ఏమి చేయాలి అని అడుగవచ్చు. దీనికి సమాధానం మన సీమలోని పండుగయే చెబుతున్నది.

గోడ లేని తోట

మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది దినాలు బతుకమ్మను పేర్చి, సద్దుల బతుకమ్మతో ముగిస్తాము. 2014లో తెలంగాణ రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడిన ఈ ఉత్సవంలో పూలే దేవత. తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి, గుమ్మడి, వీటిలో బంతి చామంతులు మనం నాటినవి. తంగేడు, గునుగు ఎవరూ నాటనివి. చెరువుకట్టల మీద, చేను గట్ల మీద, బీళ్ళలో వానకు తామే మొలచినవి. అట్లయితే ఇంతకుముందు చెప్పిన న్యాయం ప్రకారం వాటిని కోసే అధికారం మనకు ఎక్కడిది?

చివరినాడు బతుకమ్మను ఎక్కడికి తీసుకొని పోతాము? చెరువుకే. తొమ్మిది దినాల అలంకారం మరల నీటిలో కలసిపోతుంది. ఏ నీరు ఆ పూలను పెంచినదో ఆ నీటికే అవి చేరుతాయి. ఈ సీమలో గోడ లేని తోట ఊరంతా ఉన్నది. దానికి తోటమాలి ఊరంతా కలిసి కాపాడుకొనే చెరువు. చెరువుకు పూడిక తీసినవారు, కట్టకు మట్టి వేసినవారు, తూము కాచినవారు, కాలువ నీటిని వంతులవారీగా పంచినవారు, వారందరూ ఆ తంగేడుకు నీరు పోసినవారే. పూలు కొనుక్కొనేవారు కూడా ఊరి నీటిని కాపాడే పనిలో ఒక చేయి వేస్తే ఆ పూవుపై వారికి అధికారం కలుగుతుంది.

పాపన్నపేట మండలంలోని ఏడుపాయల క్షేత్రంలో మంజీర ఏడు పాయలుగా చీలి ప్రవహించే చోట వనదుర్గాభవాని కొలువై ఉన్నది. జనమేజయుడు సర్పయాగం చేసిన స్థలం అదియేనని స్థలపురాణం. శివరాత్రికి అక్కడ జరిగే జాతరకు లక్షలాది జనం వస్తారు. పై నుండి వరద వదిలినపుడు గుడి నీట మునుగుతుంది. అప్పుడు ఉత్సవమూర్తిని రాజగోపురం వద్ద ఉంచి అర్చిస్తారు. ఎండకాలంలో అదే మంజీర సన్నని పాయగా మారి, పై ప్రాజెక్టు నుండి ఘనపూర్ ఆనకట్టకు ఎప్పుడు నీరు వదులుతారా అని రైతులు ఎదురుచూస్తారు. వనం ఆమె దేహం, నీరు ఆమె కరుణ. కొండలు బోడివై, చెరువులు పూడి, బోర్లు ఎండిపోయిన నాడు వనదుర్గ అన్న పేరులో దుర్గ మిగిలి వనం పోయినట్లే కదా!

మన కర్తవ్యం

నేడు చాల దేవాలయాలలో పూర్వపు నందనవనాలు లేవు. కొన్ని చోట్ల ఆ స్థలంలో వాహనాలు నిలుపుతున్నారు, కొన్ని చోట్ల దుకాణాలు వెలిశాయి, కొన్ని చోట్ల ప్రాంగణమంతా బండలు పరచి సిమెంటు పోశారు. గర్భాలయంలో ప్లాస్టిక్ పూలతోరణాలు వ్రేలాడుతున్నాయి. ఎండని పూవు సౌకర్యమే కావచ్చును. వాడిపోయే గుణమే పూవుకు పవిత్రత నిచ్చినది. వాడిపోవునది గనుకనే దానిని నేడే అర్పించాలి, వాడిపోవునది గనుకనే రేపటి కొరకు నేడు నీరు పోయాలి.

వనమహోత్సవాల పేరిట మనం మొక్కలు నాటడంలో వెనుకబడలేదు. 2015లో మొదలైన హరితహారంలో రాష్ట్రమంతటా కోట్లకొలది మొక్కలు నాటారు. నాటిన నాడు ఫొటో తీసుకొనేవారు పదిమంది ఉంటారు. మే మాసపు మధ్యాహ్నం బిందెతో వచ్చేవారు ఒక్కరు ఉండడం కష్టం. ఆ ఒక్కరే అసలు దాత.

కనుక భక్తులకు మా మనవి ఇది. ఏ దేవాలయంలోనైనా నందనవనం వేయ సంకల్పించినపుడు మొదట నీటి మార్గం చూడండి. అభిషేకజలం, పాదాలు కడిగిన నీరు, పైకప్పు వాననీరు మురుగుకాలువలోకి పోకుండా మొక్కల మొదటికి మళ్ళించండి. తరువాత వారంలోని ఏడు దినాలకు ఏడు కుటుంబాలను నియమించండి. ఆ పైననే మొక్కలు నాటండి. తులసి, మారేడు, నందివర్ధనం, పారిజాతం, మందారం, గన్నేరు, ఈ నేలలో తక్కువ నీటితో బ్రతికేవి ఎన్నో కలవు. ఒక మూల ఉసిరి నాటితే కార్తికంలో వనభోజనానికి దూరం పోనక్కరలేదు. ఒక మూల జమ్మి నాటితే దసరాకు కొమ్మ నరుకకుండా ఆకు మాత్రం తీసుకోవచ్చు. నిర్మాల్యాన్ని సంచులలో కట్టి చెరువులో పడవేయక గుంట తీసి ఎరువు చేసి మరల ఆ మొక్కలకే పెట్టండి. తిరుమల తిరుపతి దేవస్థానాల ఆలయాలలో వాడిన పూలతో 2021 నుండి అగరుబత్తులు తయారుచేస్తున్నారు. పూవు సేవ నుండి సేవకు మారుతూ ఉండాలి గాని వ్యర్థం కారాదు.

ఇంట నేల లేనివారు ఒక కుండీలో తులసి పెంచండి. అది కూడా లేనివారు సంవత్సరానికి ఒక్క దినం చెరువుకట్టపై శ్రమదానం చేయండి. పిల్లలను గుడికి తీసుకొని వచ్చినపుడు వారి చేతికి పూలపొట్లానికి ముందు చెంబుడు నీరు ఇవ్వండి. ఆ నీరు ఒక మొక్కకు పోసిన తరువాత పూవు అందించండి. పూవుకు, నీటికి గల బంధుత్వం చిన్ననాడే తెలిసినవారు పెద్దయిన తరువాత కొమ్మ విరువరు.

మెతుకు, పూవు ఒకే నీటి బిడ్డలని మన ఊరి రెండు పేర్లు మనకు చెబుతున్నాయి. మన పెద్దలు వనాన్ని సంతానమన్నారు. ఆ సంతానాన్ని పోషించి మన తరువాతి వారి చేతికి అప్పగించే శక్తిని వనదుర్గామాత మనకు ప్రసాదించుగాక!

శుభం భూయాత్.